ఇంటి గుట్టు: ట్రంకు బోర్డు నుంచి చేతి ఫోను దాకా

మన సంఘం నెలవారీ సమావేశాల్లో పూర్వం డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు తప్ప వేరే మాట వినపడేది కాదు. ఇప్పుడు టీ వచ్చేలోగా నలుగురు సభ్యులు జేబుల్లోంచి ఫోన్లు తీసి నా ముందు పెడుతున్నారు. "ఆధార్ జిరాక్సు అడిగిన వాడికల్లా ఇవ్వొచ్చాండీ?" అని ఒకరు. "నా పి.పి.ఓ. నంబరు ముక్కూ మొహం తెలియని వాడికెలా తెలిసిందండీ?" అని మరొకరు. "మనవడు ఏదో యాప్ వేశాడు, అది మన మాటలు వింటుందట, నిజమేనా?" అని ఇంకొకరు. టెలిఫోన్ శాఖలో ముప్ఫై ఏడేళ్లు పనిచేసి రిటైరయిన వాణ్ణి గనుక నాకు ఇవన్నీ తెలిసి ఉంటాయని వారి నమ్మకం.

ఈ ప్రత్యేక సంచికకు ఆ ప్రశ్నల మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. యాప్‌ల సంగతి మా మనవరాలు నాకంటె బాగా చెబుతుంది. నాకు తెలిసింది వాటి వెనకటి చరిత్ర. ఇద్దరు మాట్లాడుకునే మాట మూడోవాడు వినవచ్చునా, ఒక మనిషి ఎక్కడికి పోతున్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో సర్కారు రాసి పెట్టుకోవచ్చునా అన్నది సెల్‌ఫోనుతో పుట్టిన ప్రశ్న కాదు. సుప్రీంకోర్టులో ఆ ప్రశ్నకు మొట్టమొదట గట్టి జవాబు చెప్పిన న్యాయమూర్తి మన గోదావరి గట్టున, రాజమండ్రిలో పుట్టినవారు. ఈ సంగతి మన జిల్లాలోనే చాలామందికి తెలియదు. అందుకే ఈ వ్యాసం.

మొదట ఉత్తరాల కాలం. ఈ దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న కాలణాకు అమ్మకానికి వచ్చింది. అందులో గుట్టు ఉండదని అందరికీ తెలుసు. శుభవార్త అయితే మూలలకు పసుపు, అశుభమైతే నల్ల సిరా. చదవకముందే పోస్టుమాను మొహం చూసి ఇంటిల్లిపాదికీ సంగతి తెలిసిపోయేది. చదువురాని ఇళ్లలో ఆ పోస్టుమానే అరుగు మీద కూర్చుని చదివి వినిపించేవాడు, జవాబు కూడా తనే రాసిపెట్టేవాడు. కోడలు పుట్టింటికి రాసుకునే కష్టం, కొడుకు పంపలేకపోయిన మనియార్డరు సంగతి అతని కడుపులోనే ఉండేవి. 1950లో ఇన్‌లాండ్ లెటరు వచ్చాక తక్కువ ఖర్చుతో అంటించి పంపే వీలు కలిగింది. ఇన్‌లాండును చింపేటప్పుడు అక్షరాలు చిరగకుండా చింపడం ఒక విద్య అని పాతవారికి చెప్పనక్కర లేదు.

'మనవాళ్లకు ప్రైవసీ అనేది తెలియదు, అది తెల్లవాళ్ల మాట' అని కొందరు పెద్దలు అంటూ ఉంటారు. నేను ఒప్పుకోను. గుట్టు అన్న మాట తెలుగులో ఎంత పాతదో చూడండి. గుట్టుగా కాపురం చేసుకోవడం, గుట్టు రట్టు కావడం, ఇంటి గుట్టు లంకకు చేటు అనడం మనకు పెద్దలనుంచి వచ్చినవే. పరాయివాళ్ల ఉత్తరం విప్పి చదివితే వీపు చిట్లగొట్టే తండ్రులు ఈ డెల్టాలో ఊరికి పదిమంది ఉండేవారు. వారెవరూ ఏ రాజ్యాంగమూ చదివినవారు కారు.

ఉత్తరం తరువాత తంతి. టెలిగ్రాము బట్వాడాకు సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, కాగితం విప్పకముందే ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టేవారు. నిజానికి అందులో ఉద్యోగం ఆర్డరు కూడా ఉండేది, మనవడు పుట్టిన కబురు కూడా ఉండేది. ఆ కబురు గమ్యం చేరేలోగా ముగ్గురు నలుగురు సిగ్నలర్ల చేతులమీదుగా వచ్చేది. అందుకే పెద్ద పెద్ద వ్యాపారులు తమలో తాము కోడు మాటలు పెట్టుకుని ధరలు పంపుకునేవారు. 2013 జులై 14 రాత్రితో టెలిగ్రాము సర్వీసు ఈ దేశంలో ముగిసిపోయింది. ఆ రోజు చాలా ఊళ్లలో జనం జ్ఞాపకంగా దాచుకోవడానికి తమ పేరు మీద తామే తంతులు ఇచ్చుకున్నారు.

నేను 1971లో ఆపరేటరుగా చేరాను. చేరిన మొదటి వారంలోనే మా సూపర్‌వైజరు గారు నా చేత ఒక సెక్షను చదివించారు. 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం, 26వ సెక్షను. ఉద్యోగి ఎవరైనా సందేశాన్ని అక్రమంగా అడ్డగించినా, మార్చినా, అందులోని సారం ఇతరులకు చెప్పినా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇరవయ్యేళ్ల కుర్రాడికి అది చాలు, రాత్రి నిద్ర పట్టకపోవడానికి.

ఇప్పటి పిల్లలకు ట్రంకు బోర్డు అంటే ఏమిటో చెప్పాలి. గోడవారగా నిలువు బల్ల, దాని నిండా చిన్న చిన్న కన్నాలు, చేతికింద వరసగా ప్లగ్గులు, తలకు హెడ్‌సెట్టు. పార్టీ ఫోనెత్తగానే బోర్డులో సంకేతం వచ్చేది. నంబరు అడిగి, టికెట్టు రాసి, రాజమండ్రి బోర్డును పిలిచి, అక్కడి నుంచి మద్రాసుకో హైదరాబాదుకో లైను దొరికేదాకా కాచుకోవాలి. ఆర్డినరీ కాలు అయితే ఉదయం బుక్ చేస్తే సాయంత్రం వచ్చినా అదృష్టమే. అర్జెంటుకు రెట్టింపు చార్జీ. లైట్నింగ్ కాలు అనే మాట వింటేనే ఎక్స్ఛేంజిలో అందరూ లేచి కూర్చునేవారు. ఫలానా మనిషితోనే మాట్లాడాలి అంటే పి.పి. కాలు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆపరేటరు వినక తప్పదు. మాట మొదలైందా లేదా అని కీ వేసి విని, టికెట్టు మీద టైము వేయాలి. మధ్యలో లైను తెగిందేమోనని వినాలి. మూడు నిమిషాలు కాగానే 'త్రీ మినిట్స్ అయిందండీ, ఎక్స్‌టెండ్ చేస్తారా?' అని మధ్యలో దూరాలి. కాబట్టి ఆ రోజుల్లో గుట్టు అనేది యంత్రంలో లేదు, మనిషిలో ఉంది. వినడం నా ఉద్యోగం, విన్నది మరిచిపోవడం కూడా నా ఉద్యోగమే.

మండపేట అంటే రైసు మిల్లులు. మిల్లు షావుకార్లకు మద్రాసు, కేరళ బజారు ధర అరగంట ముందు తెలిస్తే వేలల్లో తేడా వచ్చేది. ఒకనాడు ఒక పెద్దమనిషి డ్యూటీ దిగి బయటికి వచ్చిన నన్ను ఆపి, "ఏవండీ ఆపరేటరు గారూ, పొద్దున్న మా ఎదర మిల్లాయనకి కొచ్చిన్ కాలొచ్చిందంట కదండీ, బస్తా ఎంతన్నారేంటండీ?" అని చాలా ఆప్యాయంగా అడిగాడు. చేతిలో తాపేశ్వరం కాజాల పొట్లం. "ఆయ్, కాలొచ్చిందో లేదో కూడా నాకు తెలీదండీ" అన్నాను. నవ్వి వెళ్లిపోయాడు. మర్నాడు అదే పెద్దమనిషి తన కాలు బుక్ చేస్తూ, "మీరుండగా చేస్తే నిశ్చింతండీ" అన్నాడు. తన గుట్టు దాగాలంటే ఎదుటివాడి గుట్టు కూడా దాగాలని వ్యాపారస్తుడికి ఒకరు నేర్పనక్కర లేదు కదా.

ఆ తరువాత ఆటోమేటిక్ ఎక్స్ఛేంజిలు వచ్చాయి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైన ఎస్.టి.డి. చిన్న ఊళ్లకు రావడానికి పాతికేళ్లకు పైనే పట్టింది. 1984 ఆగస్టులో పుట్టిన సి-డాట్ సంస్థ మన వాతావరణానికి తట్టుకునేలా, ఏ.సి. గదులు అక్కర్లేకుండా పనిచేసే 128 లైన్ల పల్లె ఎక్స్ఛేంజి తయారుచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. అక్కడి నుంచి దేశమంతా పల్లెపల్లెకూ డయల్ టోను వచ్చింది. మధ్యలో మనిషి చెవి పోయింది. మా ఆపరేటర్ల అవసరమూ తగ్గింది, ఆ బాధ వేరే సంగతి.

చెవి పోయినా గుట్టు మాత్రం రాలేదు. పసుపు రంగు ఎస్.టి.డి. బూతులు గుర్తున్నాయా? అద్దాల గదిలో నిలబడి ఎర్ర అంకెల మీటరు వంక చూస్తూ, కువైట్‌లో ఉన్న కూతురితోనో చెల్లెలితోనో అరిచి మాట్లాడటం. రాత్రి పొద్దుపోయాక పావు చార్జీ గనుక బెంచీ మీద పదిమంది తమ వంతు కోసం కూర్చుని ఉండేవారు. కోనసీమ నుంచి, మన చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫుకు వెళ్లిన ఆడపడుచులు ఎంతమంది! వారి కష్టం, పంపిన డబ్బు లెక్క, ఇంట్లో తగాదా అన్నీ ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లకు తెలిసేవి. చీటీ మీద నంబరు, నిమిషాలు, రూపాయలు అచ్చయి వచ్చేవి. మనం ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోన్ చేశామన్నది కాగితం మీదికి ఎక్కడం మామూలు జనానికి అప్పుడే మొదలు. ఇప్పుడు ఆ చీటీ మనకు కనపడదు, కంపెనీ కంప్యూటరులో ఉంటుంది. అంతే తేడా.

సర్కారు వినడం సంగతి కూడా చెప్పాలి. అదే 1885 చట్టంలో 5వ సెక్షను రెండో భాగం కింద ప్రజా అత్యవసర పరిస్థితిలో గాని, ప్రజల భద్రత కోసం గాని సందేశాలను ఆపే, వినే అధికారం ప్రభుత్వానికి ఉండేది. విధివిధానాలు మాత్రం సరిగా లేవు. దానిమీద పి.యు.సి.ఎల్. వారు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 18న తీర్పు ఇచ్చింది. ఫోనులో మాట్లాడుకోవడం మనిషి ఆంతరంగిక జీవితంలో భాగమని, హోం సెక్రటరీ స్థాయి అధికారి రాతపూర్వక ఉత్తర్వు లేనిదే వినరాదని, ఆ ఉత్తర్వు రెండు నెలలే చెల్లుతుందని, పొడిగించినా ఆరు నెలలు దాటరాదని కట్టుదిట్టం చేసింది. 1885 చట్టం స్థానంలోకి 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. వినే అధికారం అందులోనూ ఉంది.

ఆ డిసెంబరు 18 అనే తేదీ దగ్గర కాస్త ఆగుదాం. సరిగ్గా 34 ఏళ్ల క్రితం, 1962 డిసెంబరు 18న, సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ అనే మనిషి కేసులో తీర్పు ఇచ్చింది. ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్ వాడు. 1941లో ఒక దోపిడీ కేసులో అరెస్టు చేసి సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారన్న మాటే గాని పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. అక్కడి పోలీసు నిబంధనల్లో 236వది ఇలాంటి వారి మీద నిఘాకు ఆరు మార్గాలు చెబుతుంది: ఇంటి దగ్గర రహస్యంగా కాపలా కాయడం, రాత్రిళ్లు ఇంటికి వెళ్లి చూడటం, అలవాట్లు, రాబడి, వృత్తి గురించి విచారించడం, ఊరు విడిచి వెళితే ఆ కబురు పై స్టేషనుకు చేరవేయడం, వాటిని సరిచూసుకోవడం, అన్నీ షీటులో రాసిపెట్టడం. చౌకీదారు, కానిస్టేబులు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టి, అరిచి, నిద్ర లేపి ఉన్నాడో లేడో చూసుకుని పోయేవారు. మనిషి విసిగి కోర్టుకెక్కాడు.

ఆరుగురు న్యాయమూర్తుల బెంచి. నలుగురు అన్నదేమంటే, రాత్రి ఇంటికి వచ్చి లేపడం రాజ్యాంగ విరుద్ధం, దాన్ని కొట్టేస్తున్నాం, మిగిలిన నిఘా మాత్రం చెల్లుతుంది, ఎందుకంటే మన రాజ్యాంగంలో ఏకాంత హక్కు అనేది లేదు అని. మిగిలిన ఇద్దరు న్యాయమూర్తులు దీనితో విభేదించి వేరే తీర్పు రాశారు. రాసినవారు కోకా సుబ్బారావు గారు, కలిసి సంతకం చేసినవారు జె.సి. షా గారు.

సుబ్బారావు గారు 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966 జూన్‌లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. గోలక్‌నాథ్ కేసు తీర్పు ఆయన హయాములోదే. 1967 ఏప్రిల్‌లో పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికకు నిలబడి జాకీర్ హుస్సేన్ గారి మీద ఓడిపోయారు. 1976లో కాలధర్మం చెందారు. మనవాళ్లు ఆయన పేరు చెబితే గోలక్‌నాథే చెబుతారు గాని నా దృష్టిలో ఖరక్ సింగ్ కేసులో రాసిన ఆ కొద్ది పేజీలు దానికంటె గొప్పవి.

అందులో ఆయన చెప్పినదాని సారం ఇది. రాజ్యాంగంలో ప్రైవసీ అన్న మాట విడిగా రాసి లేకపోవచ్చు, కాని వ్యక్తి స్వేచ్ఛ అనే దాంట్లో అది విడదీయరాని భాగం. స్వేచ్ఛ అంటే కాళ్లకు సంకెళ్లు లేకపోవడం ఒక్కటే కాదు. వెంట ఒక నీడను పెట్టి, ప్రతి అడుగూ రాసుకుంటూ, 'నువ్వు ఎక్కడికైనా వెళ్లవచ్చు' అంటే అది స్వేచ్ఛగా తిరగడం కాదు. అలాంటి మనిషికి దేశమంతా జైలే అవుతుంది. మనసు మీద పడే ఒత్తిడి శరీరం మీద పడే దెబ్బకు తక్కువ కాదు. మనిషికి తన ఇల్లే కోట. అంచేత 236వ నిబంధన మొత్తం చెల్లదు.

ఆ తీర్పులో ఆయన విజ్ఞాన శాస్త్రం సమకూర్చిన కొత్త పద్ధతులతో మనిషి మనసును అదుపులో పెట్టవచ్చునని కూడా ప్రస్తావించారు. 1962లో! అప్పటికి ఈ ఊళ్లో ఫోను ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు 236వ నిబంధనలోని ఆరు పనులూ ఒకసారి మళ్లీ చదవండి. ఎక్కడున్నాడు, ఎప్పుడు ఊరు దాటాడు, రాబడి ఎంత, అలవాట్లేమిటి. చౌకీదారు అక్కర్లేకుండా ఇవన్నీ మన చొక్కా జేబులోని ఫోను రాసి పెడుతోంది. అదీ మనమే చార్జింగు పెట్టి మరీ.

మైనారిటీ తీర్పు చట్టం కాదు గనుక ఆయన మాట యాభై అయిదేళ్లు పుస్తకాల్లో ఉండిపోయింది. పూర్తిగా నిద్రపోయిందని కూడా అనలేం. మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసు పెన్షనర్లు తెలుసుకోదగినది. స్టాంపు చట్టంలోని 73వ సెక్షనుకు 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా సరే, బ్యాంకుతో సహా ఎక్కడికైనా వెళ్లి దస్తావేజులు తనిఖీ చేసి, స్టాంపు తక్కువైందనిపిస్తే పట్టుకుపోవచ్చు. హైకోర్టు దీన్ని కొట్టేసింది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు కూడా, కెనరా బ్యాంకు కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో, హైకోర్టు మాటనే నిలబెట్టింది. మనం బ్యాంకులో పెట్టిన కాగితాలు బ్యాంకు ఇంట్లో ఉన్నా వాటి గుట్టు మనదే, ఏకాంతం అనేది మనిషికి చెందింది గాని చోటుకు చెందింది కాదు అని ఆ తీర్పు తాత్పర్యం. ఇప్పుడు మన కాగితాలన్నీ ఎక్కడో ఎవరివో కంప్యూటర్లలో ఉన్నాయి గనుక ఈ మాట విలువ మరింత పెరిగింది.

అన్ని తీర్పులూ ఒకే దారిన పోలేదు. భార్య ఫోను మాటలు భర్త దొంగచాటుగా రికార్డు చేసి కోర్టుకు తెస్తే అది ఆమె ఏకాంతానికి భంగమని మన హైకోర్టు ఒక కేసులో చెప్పింది. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో రాష్ట్రం కేసులో, విడాకుల వ్యాజ్యంలో అలాంటి రికార్డింగును సాక్ష్యంగా తీసుకోవచ్చునని అంది. నా అభిప్రాయం అడిగితే మన హైకోర్టు మాటే బాగుంది. ట్రంకు బోర్డు మీద కూర్చున్న మాకు మూడేళ్ల జైలు అన్న పని, ఇంట్లో మొగుడు చేస్తే సాక్ష్యం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఇక ఆధార్. 2009లో సంస్థ ఏర్పడింది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని తెంభ్లీ గ్రామంలో మొదటి నంబరు ఇచ్చారు. మన తూర్పు గోదావరి జిల్లాకు ఇందులో ఒక స్థానం ఉంది. 2012లోనే ఇక్కడి కొన్ని చౌకధరల దుకాణాల్లో వేలిముద్ర పెట్టి బియ్యం తీసుకునే పద్ధతిని ప్రయోగంగా మొదలుపెట్టారు. దొంగ కార్డులు తగ్గాయన్న మాట నిజమే. కలుపు తీసీ, కుప్ప నూర్చీ అరిగిపోయిన వేళ్లు మిషను మీద పడక ముసలివాళ్లు రెండుసార్లు మూడుసార్లు తిరిగిన మాట కూడా నిజమే. రెండూ చెప్పకపోతే చరిత్ర కాదు.

ఆ 2012లోనే బెంగుళూరులో ఒక పెన్షనరు ఆధార్ మీద సుప్రీంకోర్టులో రిట్ వేశారు. అవును, మనలాంటి పెన్షనరే. జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి గారు, కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా 1986లో రిటైరయ్యారు. 1990లలో మన ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షులుగా కూడా పనిచేశారు. కేసు వేసేనాటికి వారి వయసు 86. ఆ వయసులో మనం లైఫ్ సర్టిఫికెట్టుకు ఆటో ఎక్కడానికే వెనకాడతాం. పార్లమెంటులో చట్టం చేయకుండా, కేవలం ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో జనం వేలిముద్రలూ కనుపాపలూ ఎలా తీసుకుంటారన్నది ఆయన ప్రశ్న.

2015లో వాదనల్లో కేంద్ర ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ గారు అసలు ప్రైవసీ అనేది ప్రాథమిక హక్కే కాదన్నారు. దానికి ఆధారంగా చూపిన రెండు పాత తీర్పుల్లో ఒకటి 1954 నాటి ఎం.పి. శర్మ కేసు, రెండోది ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ వారి మాట. ఆ విషయం ముందు తేలాలని 2015 ఆగస్టు 11న పెద్ద బెంచికి పంపిన ముగ్గురు న్యాయమూర్తుల్లో ముఖ్యులు మన కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ గారు. తరువాత కూర్చున్న తొమ్మిదిమందిలోనూ ఆయన ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీర్ గారు కూడా ఆ తొమ్మిదిమందిలో ఒకరు.

2017 ఆగస్టు 24న తీర్పు వచ్చింది. తొమ్మిదిమందీ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఏకాంతం ప్రాథమిక హక్కు. ఖరక్ సింగ్ తీర్పులో ఆ హక్కు లేదన్న భాగం రద్దు. సుబ్బారావు గారి మాటే సరైనది. జస్టిస్ నారిమన్ గారు తన తీర్పులో, ముందుకాలాన్ని చూసి రాసిన మూడు గొప్ప భిన్నాభిప్రాయాల్లో ఒకటిగా దాన్ని లెక్కపెట్టారు. సుబ్బారావు గారు పోయి అప్పటికి 41 ఏళ్లు.

మరుసటి ఏడాది, 2018 సెప్టెంబరు 26న, ఆధార్ చట్టం సంగతి అయిదుగురు తేల్చారు. నలుగురు చట్టం చెల్లుతుందన్నారు, చంద్రచూడ్ గారు చెల్లదన్నారు. మెజారిటీ వారు కూడా బ్యాంకు ఖాతాకూ, సెల్‌ఫోను సిమ్ముకూ ఆధార్ తప్పనిసరి అనడం కుదరదన్నారు. ప్రైవేటు కంపెనీలు ఒప్పందాల పేర దాన్ని అడిగే వీలు కల్పించిన భాగాన్ని కొట్టేశారు. సంక్షేమ పథకాలకు, పాన్ కార్డుకు మాత్రం ఉంచారు. పుట్టస్వామి గారు 2024 అక్టోబరులో 98 ఏళ్ల వయసులో పరమపదించారు.

మన దైనందిన వ్యవహారానికి వద్దాం. పూర్వం నవంబరు వస్తే బ్యాంకు ముందు వరండాలో కుర్చీలు వేసేవారు. బతికి ఉన్నానని రుజువు చేసుకోవడానికి కర్రలూ, మనవలూ, వాకర్లూ సాయంగా వచ్చేవాళ్లం. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలైంది. వేలిముద్ర వేస్తే చాలు. ముసలి వేలిముద్ర పడకపోవడంతో 2021 నవంబరులో మొహం చూపించి ఇచ్చే పద్ధతి తెచ్చారు. కేంద్ర పెన్షనర్లలో ఎనభై దాటిన వారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. మంచం మీదున్న మన సభ్యులు ఇద్దరికి వారి ఇంట్లోనే ఫోను పట్టుకుని నేనే చేయించాను, అయిదు నిమిషాల పని. కంప్యూటరును తిట్టేవారు ఈ మాట కూడా ఒప్పుకోవాలి.

అదే దారిలో దొంగ కూడా వచ్చాడు. పెన్షనరు పేరు, పి.పి.ఓ. నంబరు, రిటైరయిన తేదీ, నామినీ పేరు అన్నీ గడగడా చదివి, 'మీ లైఫ్ సర్టిఫికెట్టు ఇంటి నుంచే అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి' అంటాడు. ఇంత తెలిసినవాడు ఆఫీసు మనిషే అయి ఉంటాడని మనం అనుకుంటాం. పెన్షను శాఖ వారు ఎవరికీ ఇలా ఫోన్ చేయరని హెచ్చరికలు వచ్చాయి. మన వివరాలు ఎక్కడో కారిపోయాయి గనుకనే వాడు చదవగలిగాడు. ఒకప్పుడు టికెట్టు మీది నంబరు పక్కవాడికి చెప్పినందుకు జైలని భయపడ్డ నాబోటివాడికి, వేలమంది వివరాలు ఎవరు కార్చారో తెలియకుండా పోవడం మింగుడుపడదు.

రెండో రకం మరీ ఘోరం. వీడియో కాలులో పోలీసు యూనిఫారం వేసుకున్నవాడు కనిపించి, మీ ఆధార్ మీద మత్తుమందుల పార్శిలు దొరికింది, మిమ్మల్ని 'డిజిటల్ అరెస్టు' చేశాం, ఫోను కట్టేయకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు అంటాడు. గంటలు కాదు, కొందరిని రోజుల తరబడి అలా కూర్చోబెట్టారు. హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు సుప్రీంకోర్టు పేర తయారుచేసిన దొంగ ఉత్తర్వులు చూసి భయపడి కోటి రూపాయల పైన పోగొట్టుకున్నారు. వారు రాసిన లేఖ మీద సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తనంతట తానే కేసు చేపట్టి, డిసెంబరు 1న ఇలాంటి మోసాల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. సుబ్బారావు గారు కూర్చున్న కోర్టు ముద్రనే వాడుకుని, ఆయన ఖండించిన పనినే, అంటే మనిషిని తన ఇంట్లోనే ఖైదీని చేసే పనిని, ఈ దొంగలు చేస్తున్నారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదు. ఏ పోలీసూ, ఏ జడ్జీ ఫోనులో అరెస్టు చేయరు. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు చెప్పాలి, గంట ఆలస్యమైతే అంత నష్టం.

మొదట్లో సభ్యులు అడిగిన ప్రశ్నలు మిగిలాయి. ఆధార్ జిరాక్సు బదులు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు, దానిమీద చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. వేలిముద్రలను ఆధార్ వెబ్‌సైటులోనో యాప్‌లోనో తాళం వేసుకుని, లైఫ్ సర్టిఫికెట్టు రోజు తెరుచుకోవచ్చు. యాప్‌లు వింటాయా అంటే, మైకు వాడుకోవడానికి మనం అనుమతి ఇచ్చిన యాప్ వినగలదు. లెక్కలు వేసుకునే యాప్ మైకు ఎందుకడుగుతోందని మనవణ్ణి అడగండి, సెట్టింగుల్లోకి వెళ్లి తీసేయమనండి. నేను రాత్రి తొమ్మిదికి సెల్లు కట్టేసి, ఇంట్లో మిగిలిన పాత ల్యాండులైను నంబరు పిల్లలకు మాత్రం ఇచ్చాను. అర్ధరాత్రి అది మోగితే అవసరం ఉన్నవాళ్లే మోగించినట్టు.

ఒక విషయం మాత్రం ఇంకా తేలలేదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలు మన వివరాలు అడిగి తీసుకోవాలి, కారిపోతే మనకు చెప్పాలి అంటుంది. బాగుంది. కాని ప్రభుత్వ సంస్థలకు అందులో పెద్ద మినహాయింపులున్నాయి. పైగా అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చి, వ్యక్తిగత సమాచారం అంటే చాలు ఇవ్వక్కర్లేదనే వీలు కల్పించింది. మన బకాయిల ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లుందో తెలుసుకోవడానికి ఆర్.టి.ఐ. దరఖాస్తు పెట్టేవాళ్లం మనం. ఇక ఆ ఫైలులో ఏ ఉద్యోగి పేరున్నా వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపవచ్చు. సుబ్బారావు గారు గుట్టును మనిషికి కోటగా చెప్పారు, ఆఫీసుకు కాదు. అలా తిరిగి వచ్చిన జవాబులు ఏ సభ్యుల దగ్గరైనా ఉంటే నకలు తీసి కార్యదర్శి గారికి ఇవ్వండి. పేర్లు, పి.పి.ఓ. నంబర్లు కొట్టివేసి మరీ ఇవ్వండి.